ఒక్క చేతి పిట్ట

ఆ రోజు తెల్లారకముందు నుంచే ముసురు. ముసురులో కొత్తిమీర పీకడం కష్టం. వేళ్ళతో పాటు మట్టి పెళ్ళలుగా వస్తుంది. కడిగితే ఆకు నలుగుతుంది, కడగకపోతే మార్కెట్లో ఎవరూ ముట్టరు. నేను బోరు దగ్గర గోనెసంచి తలమీద కప్పుకొని కట్టలు కడుతున్నాను. పాలకూర ఇంకా కొయ్యాల్సి ఉంది. మబ్బు ఎంత కిందికి దిగిందంటే, విమానాల చప్పుడు వినబడుతున్నది గాని ఒక్కటీ కనబడలేదు. ఫోన్ మోగింది. చేతులు తుడుచుకునేసరికి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. నా భార్య.

"మీ అత్త పోయింది. ఇంటికి రా," అన్నది. కొంచెం ఆగి, "కొత్తిమీర ఆడ్నే పడేసి రాకు. కుళ్ళుతది. షెడ్డుల ఏసి రా," అన్నది.

షెడ్డులో వేసి వచ్చాను.

పోయినామె మా బాపుకు అక్క, నాకు మేనత్త. పెళ్ళయిన మూడేళ్ళకు ఆమె భర్త బావి మోటారు దగ్గర కరెంటు తగిలి పోతే, మా ఇంటికి తిరిగి వచ్చింది. మళ్ళీ ఎక్కడికీ పోలేదు. వెనక గదిలో ఉండేది. కుర్చీలో కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. చాయ సాసర్లో పోసుకొని తాగేది. ఎవరినీ దగ్గరికి తీసుకునేది కాదు, ఎవరి బిడ్డనూ ముద్దుచేసేది కాదు. నేను పదో తరగతి దాకా చదివింది ఆమె కూలి పైసలతో. ఆ సంగతి నాకు చెప్పింది, బతికున్నప్పుడు, మా అమ్మ. అత్త చెప్పలేదు.

ఆమె చేసిన కూలి ఏమిటో చెప్పాలి. శంషాబాద్ చుట్టూ ఇప్పుడు గోదాములు, హోటళ్ళు, ప్లాట్ల బోర్డులు ఉన్నచోట ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. కాయ రంగు తిరిగే వేళకు చిలుకలు గుంపులుగా దిగేవి. చిలుక ఒక గుత్తి మీద కూర్చొని కడుపు నింపుకుని పోదు. పది గుత్తులు కొరికి పోతుంది. వాటిని కొట్టడానికి తోటలవాళ్ళు మనుషులను పెట్టుకునేవాళ్ళు. మా అత్త ఇరవై ఏళ్ళు ఆ పని చేసింది. వడిసెలలో గులకరాయి పెట్టి, తలచుట్టూ రెండుసార్లు తిప్పి వదిలితే, పిట్ట నేలమీద ఉండేది. చచ్చినవాటిని కాళ్ళకు సుతిలి కట్టి, తోట చుట్టూ పాతిన నిలువు రాతి కడీలకు తలకిందులుగా వేలాడదీసేది. ఒకటి వేలాడుతుంటే మిగిలినవి ఆ వరుసకు రావని చెప్పేది. ఆ పని గురించి ఆమె బాధపడగా నేను వినలేదు. "అవి తినొచ్చినయ్. నేను కొట్టొచ్చిన," అనేది. అంతే.

అలాంటి మనిషి ముసలితనంలో చిలుకను పెంచింది.

పోయినేడు ఎండాకాలం మొదట్లో మా ఊరి పడమటి దిక్కున ప్లాట్లు చేస్తామని తాటిచెట్లు పడగొట్టారు. అత్త ఎండుకమ్మలు ఏరుకోవడానికి పోయింది. తల తెగిన ఒక మోడు జేసీబీ తోస్తే పడి పగిలింది. దాని తొర్రలో మూడు చిలుక పిల్లలు ఉన్నాయి. అత్త వాటిని కొంగులో వేసుకొని వచ్చి, వాకిట్లో చాట మీద పోసింది. కంకులు పోసినట్టే పోసింది.

వాటిని చూస్తే ఎవరికీ ముద్దు రాదు. ఒళ్ళంతా ఈకలు ముళ్ళలాగా మొలుస్తున్నాయి. తల పెద్దది, పొట్ట పెద్దది, మధ్యన ఎర్రటి సన్న మెడ.

"మూడు బతుకుతయా పెద్దమ్మా?" అని నా భార్య అడిగింది.

"ఒకటి సచ్చింది. ఒకటి సస్తది. ఒకటి కరిసింది," అని అత్త బొటనవేలు చూపింది. నెత్తురు చుక్క ఉంది.

చచ్చేదాన్ని చేతిలోకి తీసుకొని, చిక్కుడుకాయ తుంచినట్టు మెడ తిప్పింది. మేము చూస్తుండగానే. రెండింటినీ దిబ్బమీదికి విసిరి, చెయ్యి కొంగుకు తుడుచుకున్నది.

"జర ఆగి చూస్తే ఏం పోయె?" అన్నది నా భార్య.

"ఆగితే, అది సచ్చేదాక ఇది ఆకలికుంటది. నాకున్నయి రెండే చేతులు."

నా భార్య ఆ పూట ఆమెకు అన్నం పెట్టలేదు. అత్తే పోయి పెట్టుకొని తిన్నది.

మిగిలినదాన్ని ఒక కుండలో ఊక పోసి, పాత చీరపేలిక పరిచి, అందులో పెట్టింది. జొన్నపిండి, పుట్నాలపిండి కలిపి పల్చగా జావ కాచేది. మణికట్టు లోపలి దిక్కు ఒక చుక్క వేసుకొని వేడి చూసేది. బొటనవేలు, చూపుడువేలు జావలో ముంచి పట్టుకుంటే, పిల్ల ఆ రెండు వేళ్ళ మధ్యన ముక్కు దూర్చి, ఒళ్ళంతా ఊపుతూ తాగేది. మొదటి పదిరోజులు రెండు గంటలకొకసారి పెట్టింది. గొంతు కింద తిండి సంచి నిమ్మకాయంత ఉబ్బుతుంది. దాన్ని వేలితో ఒత్తి చూసి, ఇంకా చోటు ఉండగానే ఆపేది.

"ఇంకా నోరు తెరుస్తుంది గదా," అన్నాను ఒకసారి.

"తెరుస్తది. నిండ పెడితే లోపల పులిసి సస్తది. నోరు సూసి పెట్టొద్దు, గొంతు సూసి పెట్టాలె."

నేను అరెకరం కౌలు నేలలో ఆకుకూరలు వేస్తాను. నారుకు నీళ్ళు ఎప్పుడు ఆపాలో నాకు ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

దానికి పట్వారి అని పేరు పెట్టింది. పాతకాలం ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి లెక్కనే ఎంత పెట్టినా ఇంకొంచెం అడుగుతుందని, ప్రతి గింజనూ తిప్పి తిప్పి చూసి గాని తినదని. ఈకలు నిండుగా వచ్చి, గింజ కొరకడం మొదలుపెట్టాక, ఆమె అసలు పని షురూ చేసింది. పొద్దున పెట్టడం మానేసింది. పిట్ట కుండ అంచున కూర్చొని అరిచేది. వాకిలి అంతా అరుపు. పొద్దెక్కేదాకా ఆమె చీపురు కట్టలు కట్టుకుంటూ కూర్చునేది. ఆకలి బాగా పట్టాక, దూరం నుంచి కుడిచెయ్యి చాపి, అరచేతిలో నానబెట్టిన శనగలు చూపించేది. అది నడుచుకుంటూ ఆ చేతి దగ్గరికే రావాలి. ఇంకెవరైనా పెడితే ఊరుకునేది కాదు. ఒకసారి నా భార్య పచ్చిమిరపకాయ ఇవ్వబోతే, పిట్ట అందుకునేలోపలే అత్త దాని ముక్కు మీద వేలితో కొట్టింది.

"అందరి చేతుల తింటే అందరి ఇండ్లల్ల పోతది. ఒక్క చేతిల తినాలె," అన్నది.

"మనిషివా, రాయివా పెద్దమ్మా?"

"రాయినైతే అది నా కాడికి తిండికెందుకొస్తది?"

నాలుగు వారాలకు పిట్ట వేరే చేతిని చూడడం మానేసింది. నేను గింజ చూపిస్తే, గింజను చూసి, నన్ను చూసి, తల తిప్పుకునేది.

రెక్క సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లనే. చిలుకను పెంచేవాళ్ళు రెక్కలు కత్తిరిస్తారని అందరికీ తెలుసు. మా అత్త ఎడమ రెక్క ఒక్కటే కత్తిరించేది. నెలకోసారి రెక్క విప్పి, కొత్త ఈక ఎంతవరకు వచ్చిందో చూసి, గొర్రెబొచ్చు కత్తెరతో కోసేది. ఒక రెక్కే ఉన్న పిట్ట ఎగరబోతే గిరగిర తిరిగి, పక్కకు ఒరిగి, నేలకు కొట్టుకుంటుంది. చూడడానికి మంచిగా ఉండదు. ముక్కు దోక్కుపోయిన రోజులున్నాయి.

"రెండూ కోస్తే ఏందత్తా? సమంగ ఉంటది గద," అన్నాను.

"నీకు తెల్వది. తోటల సూసిన. ఒక్క రెక్కకు దెబ్బ తాకినది ఆడ్నే పడ్తది. రెండు రెక్కలు సగం సగం పోయినది గాలి మీద జారుకుంట పోయి, నువ్వు పట్టలేని కాడ పడ్తది. ఎగరదు, దిగదు."

ఇరవై ఏళ్ళు కొట్టినామె చెప్పిన మాట అది.

దానికి ఆమె మాటలు నేర్పలేదు. "ఇంట్ల ఉన్నోళ్ళ మాటలే ఎక్కువైనయ్," అనేది. కాని దానితో ఆమె మాట్లాడేది. మాతో రోజంతా పది మాటలు మాట్లాడే మనిషి, దాన్ని పైటమీద ఎక్కించుకొని, చీపురు పుల్లలు దువ్వుతూ, ఎవరి నేల ఎవరు కొన్నారో, ఏ తోట ఎక్కడ ఉండేదో చెప్పేది. అది ఆమె చెవి కమ్మ కొరికేది. కమ్మ పక్కన పుండు పడితే పసుపు పెట్టుకున్నది గాని దాన్ని దించలేదు. ఎవరినీ తన కంచం ముట్టనివ్వని మనిషి, కంచం అంచుమీద దాన్ని కూర్చోబెట్టుకొని తినేది. మెతుకు పెదాల మధ్యన పెట్టుకుంటే అది తీసుకునేది.

నా భార్య విమానాశ్రయంలో సఫాయి పనికి పోతుంది. మధ్యాహ్నం రెండింటికి కంపెనీ వ్యాన్ వస్తుంది, రాత్రి పదింటికి దింపుతుంది. ఒకరోజు తయారవుతూ, "ఆడ పిట్టలు రాకుండ పటాకులు కాలుస్తరు పెద్దమ్మా. నిన్ను పెట్టుకునేది ఉండె," అన్నది.

"అడిగి సూడు. నా వడిసెల ఇంకా ఉన్నది."

"చిల్కను పెంచుతున్నవని తెలిస్తే నౌకరి కాదు, కేసు పెడ్తరు."

"పట్టుకపోతే తిండి వాళ్ళే పెడ్తరు గద. నీ పప్పుకంటె నయముంటది."

ఇద్దరూ నవ్వారు. అత్త నవ్వడం ఆ ఏడాదిలోనే ఎక్కువసార్లు చూశాను.

ఈ ఏడు ఎండలు ముదిరినప్పుడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. నోరు వంకరపోయింది. దవాఖానలో పదహారు రోజులు ఉన్నది. నేనూ, రావిర్యాలలో ఉండే మా చెల్లె వంతులవారీగా దగ్గర ఉన్నాం. మాట తిరిగిన మొదటి రోజు ఆమె అడిగింది పట్వారి గురించే.

"తింటున్నదా?"

"తింటున్నది," అన్నాను. ఆమె లేదని దాన్ని పంజరంలో పెట్టాం, గిన్నెలో వేసి దూరంగా పోతే కొద్దిగా తింటున్నది. చేతిలో తినడం లేదు.

"రెక్క సూడు. ఈక వచ్చుంటది. ఎడమది. ఒక్కటే."

మూడు ముక్కలుగా, మధ్యన ఉమ్మి మింగుతూ చెప్పింది. సరేనన్నాను.

ఇంటికి వచ్చి చూస్తే ఎడమ రెక్కకు కొత్త ఈకలు సగం దాకా వచ్చాయి. అప్పటికే అది పొద్దంతా పంజరంలో తల గుద్దుకుంటున్నది. బయటికి వదిలితే ఎగరబోయి పక్కకు పడి, వాకిట్లో పొర్లింది. ఛాతీ దగ్గర ఈకలు ఊడి ఎర్రగా కనబడుతున్నది. అది పొర్లడం నేను చూడలేకపోయాను. ఎడమ రెక్క కోసి, కుడిది కూడా విప్పి, అంతే కోశాను. కొలిచినట్టు సమంగా కోశాను. వాకిట్లో వదిలితే ఈసారి పడలేదు. గోడ మీదికి ఎక్కింది. కుదురుగా కూర్చున్నది. నేను మంచిపని చేశాననే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గాలిదుమారం వచ్చింది. అది గోడమీది నుంచి రెక్కలు చాపింది. గాలి దాన్ని ఎత్తుకున్నది. మా వెనక సందు దాటి, ప్రహరీ దాటి, గోదాము ఆవరణలోకి జారుతూ పోయింది. పైకి లేవడానికి రెక్కలు కొట్టింది గాని లేవలేదు. నేను గేటు వరకు ఉరికి, కాపలా మనిషికి చెప్పి లోపలికి పోయేసరికి, వెనక్కి వస్తున్న లారీ కింద ఉన్నది. సిమెంటు నేల. పార అడిగి తీసుకొని ఎత్తుకొచ్చాను.

నా భార్య చూసి, "ఇయ్యాల్నే పోయి చెప్పు," అన్నది.

"ఇప్పుడు చెప్తే ఆమె బతకదు."

"ఆమెనా? ఆమె సంగతి నీకు తెల్వది. చెప్పకపోతేనే బతకదు."

నేను వినలేదు. రెండ్రోజులకు ఆరాంఘర్ చౌరస్తా అవతల ఒక మనిషి దగ్గర చిలుకలు ఉంటాయని తెలిసి పోయాను. గోనెగుడ్డ కప్పిన పంజరంలో పది పన్నెండు ఉన్నాయి. ఏడాది వయసుది, మెడకు ఇంకా ఎర్రగీత రానిది, అంతే పొడుగు ఉన్నది ఏరుకొని తెచ్చాను. ఎడమ రెక్క ఒక్కటే కత్తిరించాను. అత్తకు ఒక కంట్లో పొర ఉంది, ఇంకో కన్నూ అంతంతే. ఆమె ఇంటికి వచ్చిననాడు పంజరం మంచం పక్కన పెట్టాను.

ఆమె మొట్టమొదలు ఎడమ చెయ్యి చాపింది. అరచేతిలో శనగలు వణుకుతున్నాయి. పిట్ట పంజరం వెనక మూలకు పోయింది.

"దానికి నా కుడిచెయ్యి ఎరుక గద. ఇది ఎడమది," అన్నది.

రెండోరోజు, మా చెల్లె తన ఊరికి పోయేముందు, ఆమెతో కుడిచెయ్యి ఎత్తించి, అందులో శనగలు పోయించుకొని, పంజరం దగ్గర పెట్టించుకున్నది. చెయ్యి నిలవక జారింది. శనగలు కిందపడ్డాయి. పిట్ట రాలేదు. మూడోరోజు ఒళ్ళు మందుల వాసన కొడుతున్నదని, తన పాత చీర తీయించి కప్పుకున్నది. తర్వాత కమ్మ తుడిపించుకొని, చెవి పంజరానికి ఆనించి పడుకున్నది. రోజుకొకటి తలచుకునేది. చెల్లె పోయాక ప్రతిదానికీ నేనే అందించేవాణ్ణి. చీర నేనే తీశాను. పంజరం నేనే జరిపాను. ఒక్కమాట అంటే అయిపోయేది. ఇవాళ అందాం, రేపు అందామని ఊరుకున్నాను.

"పగబట్టింది," అన్నది చివరికి. "ఇడిసి పోయిన గద."

ఇక పాత పద్ధతికి దిగింది. తిండి పెట్టవద్దన్నది. గిన్నె తీయించింది. పిట్ట పొద్దుగూకేదాకా అరిచేది. ఈమె మంచంలో పడుకొని వింటూ, నడిమధ్యన ఎడమ చెయ్యి చాపేది. చెయ్యి ఎంతసేపు చాపి ఉంచగలదో అంతసేపు చాపి, మంచం పట్టెమీద పడేసేది. నాలుగు దినాలైనా పిట్ట బతికే ఉన్నది, ఆమె చేతికి రాలేదు. ఎందుకో నాకు తెలుసు. నా భార్య పొద్దున అత్త నిద్రలో ఉండగా దానికి మిరపకాయలు, జామముక్కలు పెడుతున్నది.

"పెట్టకు," అన్నాను వంటింట్లో.

"అదేం తప్పు చేసింది? తప్పు చేసినోనివి నువ్వు. ఉపాసం దానికా?"

ఐదోరోజు అత్త వేలు పంజరం సందులోకి దూర్చింది. పిట్ట గోరు పక్కన కండ తెగేలా కరిచింది. ఆమె వేలు వెనక్కి తీసుకోలేదు. ఇంకా కొంచెం లోపలికి పెట్టింది. నేను పోయి లాగాల్సి వచ్చింది. గుడ్డకట్టు కడుతుంటే, కట్టును చూడకుండా పంజరం దిక్కే చూసింది.

ఇట్లా నెలన్నర గడిచింది. ఆమె తిండి తగ్గింది. మాట తగ్గింది. ఒక పొద్దున నన్ను పిలిచింది.

"అల్లుడా. దాని మెడ తిప్పు."

నేను నిలబడి ఉన్నాను.

"నన్నెరుగని పిట్ట నాకెందుకు? నాకు ఒక్క చెయ్యే ఉన్నది, లేకుంటే నేనే తిప్పుదు. తిప్పు. నా ముందట తిప్పు."

పంజరం తలుపు తీసి, పిట్టను పట్టుకున్నాను. దాని గుండె నా గుప్పిట్లో కొట్టుకుంటున్నది. అత్త నా చేతినే చూస్తున్నది. బొటనవేలు దాని మెడ మీదికి పోయింది కూడా. అప్పుడు చెప్పాను.

"అత్తా, ఇది పట్వారి కాదు."

ఆమె కన్ను నా చేతిమీది నుంచి కదలలేదు.

"పట్వారి ఏది?"

"సచ్చిపోయింది. నువ్వు దవాఖానల ఉన్నప్పుడే. లారీ కింద పడ్డది."

"రెక్క కోయలేదా?"

"కోసిన. రెండు దిక్కుల కోసిన."

"ఒక్కటే అన్న గద."

"పొర్లుతుంటే సూడలేకపోయిన."

బయట బోరు బండి పోయింది. తర్వాత ఆమె ముఖం ఎడమ దిక్కు మాత్రమే కదిలింది. అది నవ్వు అని అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది.

"అయితే అది నన్ను మరువలే," అన్నది.

నా భార్యను పిలిచింది. "ఇన్నవా పిల్లా, మరువలేదంట. మరిచేదాకా బతకనే లేదంట," అన్నది. చాయ అడిగింది. నెలన్నరలో తనంత తానుగా తినడానికో తాగడానికో ఏదైనా అడగడం అదే మొదలు. నేనే పోయి చాయ పెట్టి, సాసర్లో పోసి, ఊది, ఆమె పెదాల దగ్గర పెట్టాను.

ఆమె నోరు మూసుకున్నది.

"వేడి లేదత్తా."

"దాన్ని రమ్మను," అని నా భార్య దిక్కు చూపింది. "నెలన్నర ఆ పిట్ట ముందట చెయ్యి సాపిన. నువ్వు నిలవడి సూసినవు. ఇగ నీ చేతిది నాకొద్దు."

కోపంగా అనలేదు. వాన పడేటట్టు ఉంది, బట్టలు తీయమన్నట్టు అన్నది. కొత్త పిట్ట గురించి అడిగితే, "దానిదేమున్నది, ఎవరి పిట్టనో. ఉండనీ," అన్నది.

ఆ తర్వాత ఆమె ఇరవై ఆరు రోజులు బతికింది. నాతో మాటలు మానలేదు. పాలకూర మొలిచిందా అని అడిగేది, యూరియా ఎక్కువ వేయకని చెప్పేది, మబ్బు చూసి ఎన్నింటికి వాన వస్తుందో చెప్పేది. ఎప్పటికంటే ఎక్కువే మాట్లాడింది. కాని నా చేతి అన్నం, నా చేతి నీళ్ళు ముట్టలేదు. నా భార్య పది రోజులు సెలవు పెట్టింది. తర్వాత రానంటే పని పోతుందన్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆమె వ్యాన్ ఎక్కితే, రాత్రి పదింటికి దిగేదాకా అత్త నోట్లో చుక్క నీరు పడేది కాదు. చెల్లెను పిలిపిద్దామన్నా, పక్కింటామెను పిలుద్దామన్నా, "ఊరంతటి చేతుల తినాల్నా?" అన్నది. నేను గ్లాసు పట్టుకొని మంచం పక్కన కూర్చునేవాణ్ణి. పెదాలు ఎండి పగిలేవి. ఆమె గ్లాసును చూసేది, నన్ను చూసేది, తల గోడకు తిప్పుకునేది.

ఒకరోజు జామపండు గింజలు తీసి, మెత్తగా మెదిపి, నా భార్య చేత పంపించాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక, "ఎవరు మెదిపిండ్రు?" అని అడిగింది. నా భార్యకు అబద్ధం ఆడడం రాదు. అత్త ముద్దను ఎడమ అరచేతిలోకి ఉమ్మి, గిన్నె అంచున పెట్టింది.

క్షమించమని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరమూ వాడం. అడిగితే ఆమె ఏమనేదో నాకు తెలియదు. ఆమె నాకు చేసినవి చాలా ఉన్నాయి, అవన్నీ నేను చెయ్యి చాచి అడగకుండానే చేసింది. పీకిన నారు ఏ వేళకు నాటాలో, ఏ మబ్బు కురుస్తుందో, ఎండిన మడికి నీళ్ళు ఒక్కసారే ఎందుకు వదలకూడదో నాకు తెలిసినదంతా ఆమె తిట్టుకుంటూ చెప్పినదే. పొలంలో ఇప్పటికీ ఆ తిట్లతోనే పనిచేస్తాను. ఆమె కఠినురాలని ఊళ్ళో అంటారు. నిజమే. కాని ఆమె చంపినవన్నీ చూస్తూ చంపింది, మేము చూస్తుండగా చంపింది. నేను జాలిపడి చేసిన పని, దాచిపెట్టి చేసిన పని ఏమైందో పైన రాశాను.

మూడోనాడు పిట్టకు పెట్టాం. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ముట్టితే తృప్తిగా పోయినట్టు. కొరివి పెట్టింది నేనే కాబట్టి విస్తరి వేయాల్సింది నేనే. జొన్నరొట్టె, బోటి కూర, సాసర్లో చాయ, చిన్న సీసాలో కల్లు. ముసురు ఇంకా విడవలేదు. ప్రహరీగోడ మీద ఒక కాకి వచ్చి కూర్చున్నది. దిగలేదు. గంట అయింది. రొట్టె తడిసి మెత్తబడింది.

"ఏమన్న కోరిక మిగిలిందా?" అని మా చుట్టాలలో పెద్దమనిషి ఒకాయన అడిగాడు. "మనసుల అనుకో. ఏం కావాల్నో ఇస్తమని అను."

అనుకున్నాను. ఏమనుకున్నానో రాయను. కాకి దిగలేదు. మా చెల్లె ఏడవడం మొదలుపెట్టింది. అందరూ నన్ను చూడకుండా ఉండడానికి నేల చూస్తున్నారు. నా భార్య దగ్గరికి వచ్చింది.

"నువ్వు జర అవతలికి పో," అన్నది మెల్లగా. "ఆ ట్రాక్టర్ ఎనక్కు పో."

పోయాను. ట్రాక్టర్ టైరుకు ఆనుకొని నిలబడ్డాను. మబ్బులో విమానం ఒకటి దిగుతున్న చప్పుడు వచ్చి, ఆగిపోయింది. కాసేపటికి "ముట్టింది, ముట్టింది," అన్నారు. నేను తిరిగి వచ్చేసరికి రొట్టె విస్తరి అవతలికి ఈడ్చి ఉన్నది, సగం లేదు. చాయ సాసరు పక్కకు ఒరిగి ఉన్నది. వాన ఆ చాయను మట్టిలోకి కలుపుతున్నది. ఏ పిట్ట ముట్టిందని నేను అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

పదకొండో దినం అయ్యాక, సోమవారం పొద్దున తొమ్మిదింటి ఆటోకు చెల్లె రావిర్యాలకు పోయింది. పిట్టతో పాటు పంజరం ఒళ్ళో పెట్టుకొని పోయింది. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి నా భార్య వ్యాన్ ఎక్కి డ్యూటీకి పోయింది.